కాస్త ఆగు బిడ్డా

సెలవు దొరికిందంటే చాలు, హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం దాటి, మాల్, కొండమల్లేపల్లి మీదుగా పెద్దవూరలో వాలిపోతారు మీరు. ఉత్త చేతులతో రారు కూడా. అమ్మకు నీళ్ళ ఫిల్టరు, నాయనమ్మకు పెద్ద అక్షరాల ఫోను, నాయినకు చేలో మోటరుకు బిగించే కొత్త డబ్బా. ఊళ్ళో ఉన్నవాళ్ళు సుఖపడాలన్న మీ ఆరాటం నాకు తెలియంది కాదు. మీ మనసులో ఏ లోపమూ లేదు. ఉన్నదల్లా తొందర. శనివారం పొద్దుగూకి వస్తారు, ఆదివారం పొద్దున వస్తువు బిగిస్తారు, మధ్యాహ్నం నాగార్జునసాగర్ చూసొస్తారు, చీకటి పడకముందే బండి తీస్తారు. సోమవారం నుంచి ఆ వస్తువుతో వేగేది మీ అమ్మానాయినలే. అందుకే అంటున్నా, కాస్త ఆగు బిడ్డా. తేవద్దని అనడం లేదు. తెచ్చే ముందు ఆగి, అడిగి, చూసి తెమ్మంటున్నా.

ముందు నీళ్ళ సంగతి చెప్తాను, మన జిల్లాలో అన్నిటికంటే అదే పెద్దది గనక.

నల్లగొండ అంటే ఒకప్పుడు ఫ్లోరైడే. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు చుట్టరికాలున్న వాళ్ళను అడుగు, చెప్తారు. కాళ్ళు వంకరపోయిన పిల్లలు, నడివయసుకే నడుము వంగి మంచం దిగలేనివాళ్ళు, నవ్వాలంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకునే పెళ్ళీడు ఆడపిల్లలు. ఈ ఫ్లోరైడు ఎవరో తెచ్చి కలిపింది కాదు. మన కాళ్ళ కింద ఉన్న గ్రానైటు రాయిలోనే ఉంది. నీళ్ళు ఆ రాతి పగుళ్ళలో నిలిచిన కొద్దీ ఫ్లోరైడు దిగుతుంది. వాన తగ్గి, బోర్లు లోతుకు పోయిన కొద్దీ ఆ పాతనీళ్ళే పైకొస్తాయి. తాగే నీళ్ళలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటొద్దని మన దేశపు ప్రమాణం. వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడుకు రంగు ఉండదు, వాసన ఉండదు. గ్లాసులో పోసి చూస్తే ఆ నీళ్ళు కొబ్బరినీళ్ళంత తేటగా ఉంటాయి. కంటికి తెలియదు, నాలుకకూ తెలియదు.

మరి నువ్వేం చేస్తున్నావు? కొట్టుకు పోయి నీలం లైటు వెలిగే డబ్బా చూసి, బాగుంది కదా అని కొనుక్కొస్తున్నావు. ఆ లైటు క్రిములను చంపుతుంది బిడ్డా. ఫ్లోరైడు జోలికి పోదు. అమ్మేవాడు పెన్నులాంటి మీటరు ఒకటి గ్లాసులో ముంచి అంకె చూపిస్తాడు, నువ్వు తలూపుతావు. ఆ టీడీఎస్ మీటరు నీళ్ళలో కరిగిన ఉప్పులన్నిటినీ కలిపి లెక్క చెప్తుందే గానీ, అందులో ఫ్లోరైడు ఎంతో విడదీసి చెప్పదు. మీ నాయనమ్మ నీళ్ళు కాచి చల్లార్చి తాగుతుంది కదా, అది క్రిములకు మంచి పనే. ఫ్లోరైడుకు మాత్రం కాచినా లాభం లేదు. ఆవిరైపోయేది నీళ్ళే, ఫ్లోరైడు గిన్నెలోనే మిగిలి ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్‌ఓ అయితే తీసేస్తుంది, నిజమే. కానీ దాని లోపలి పొర ఎప్పుడు మార్చాలో మీ అమ్మకు చెప్పావా? మార్చడానికి హాలియా నుంచి వస్తాడో, మిర్యాలగూడ నుంచి వస్తాడో, ఎవరికి ఫోన్ చేయాలో గోడమీద రాసిపెట్టావా? పొర పాడైనా లైటు వెలుగుతూనే ఉంటుంది. వెలుగుతోంది కదా అని వాళ్ళు తాగుతూనే ఉంటారు.

ఇంకో సంగతి, ఇది నువ్వు చూసి ఉండవు. ఆర్‌ఓ మంచినీళ్ళు ఒక పైపులోంచి ఇస్తే, రెండో పైపులోంచి వదిలేసే నీళ్ళే ఎక్కువ. మీ అమ్మ నీళ్ళు పారబోసే మనిషి కాదు. ఆ రెండో పైపు కింద ప్లాస్టిక్ బకెట్ పెడుతుంది. అది నిండాక గేదె ముందు పెట్టి, తాగు తల్లీ అంటుంది. ఇంట్లోవాళ్ళ నీళ్ళలోంచి తీసేసిన ఫ్లోరైడంతా ఆ బకెట్లోనే ఉంది. పశువుకు కూడా పళ్ళున్నాయి, ఎముకలున్నాయి, దానికీ ఆ జబ్బు వస్తుంది. ఆ నీళ్ళు బాత్‌రూము కడగడానికి, వాకిలి కడగడానికి వాడుకోమని ఒక్క మాట చెప్పడానికి నీకు రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాలు ఆగలేదు నువ్వు.

అసలు ఫిల్టరు కావాలో వద్దో కూడా ముందు అడగాలి. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక శుద్ధి చేసిన కృష్ణనీళ్ళు నల్లాకు వస్తున్నాయి. నల్లా నీళ్ళు చప్పగా ఉన్నాయని వాడకానికి పోసి, రుచిగా ఉన్నాయని బోరు నీళ్ళు తాగే ఇళ్ళున్నాయి. మీ ఇంట్లో ఏ బిందె దేనికో నీకు తెలుసా? వంటింట్లోకి వెళ్ళి ఒకసారి అమ్మను అడుగు. నువ్వు హైదరాబాద్‌లో తాగేవి మాత్రం ఇక్కడి నుంచి పోయినవే కావచ్చు. సాగర్ వెనకనీళ్ళు ఎత్తిపోసి అక్కంపల్లిలో నిలిపి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, నగరానికి పైపుల్లో పంపుతున్నారు. అక్కడ నువ్వు నల్లా తిప్పి నిశ్చింతగా తాగుతున్నావు, ఇక్కడ మీ అమ్మ ఏ నీళ్ళు తాగుతోందో కనుక్కోకుండానే డబ్బా కొన్నావు.

ఫ్లోరైడు తీసే ఒక పద్ధతికి లోకమంతా మన జిల్లా పేరే పెట్టుకుంది, తెలుసా? నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో తయారుచేసింది, నల్లగొండ పద్ధతి అంటారు. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పొడి నీళ్ళలో కలిపి, తిప్పి, తేరనిచ్చి, పైనీళ్ళు వడకట్టుకోవడం. ఆఫ్రికాలో టాంజానియా దాకా వెళ్ళింది ఆ పేరు. దానికి కరెంటు అక్కర్లేదు, లైటు లేదు. కానీ పటిక ఎంత, సున్నం ఎంత అన్నది ఆ ఊరి నీళ్ళు పరీక్ష చేశాకే తేలుతుంది. ఈ ఊరి కొలత ఆ ఊరికి పనికిరాదు. ముందు కొలిచి చూడు, తర్వాత మందు వెయ్యి అన్నారు వాళ్ళు. నేను మొదటి నుంచీ చెప్తున్నదీ అదే.

ఆగడానికి ఇంకో కారణం చిన్నపిల్లలు. పిల్లల శాశ్వత పళ్ళు లోపల తయారయ్యేది ఎనిమిదేళ్ళ లోపు. ఆ వయసులో తాగిన నీళ్ళ మచ్చ పంటి మీద జీవితాంతం ఉంటుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన ఫిల్టరు పెట్టినా ఆ మచ్చ పోదు. మీ అక్క పిల్లలు వేసవి సెలవులు మొత్తం ఇక్కడే గడుపుతారు. వాళ్ళ కోసమైనా సరైనదేదో చూసి పెట్టు.

ఇక మోటరు సంగతికి వస్తాను.

కాలువ కింద పొలమున్నవాడికి ఒక దారి, మెట్టమీద చేను ఉన్నవాడికి ఒక దారి. సాగర్ పక్కనే ఉన్నా మెట్టచేలకు బోరే దిక్కు. ఒకప్పుడు కరెంటు ఏ రాత్రో వచ్చేది. టార్చిలైటు పట్టుకుని చేలకు పోయి స్టార్టరు నొక్కేవాళ్ళు. పాము కరిచి పోయినవాళ్ళున్నారు, తడి చేతులతో షాక్ కొట్టి పోయినవాళ్ళున్నారు. ఆ బాధ పడలేకనే ఆటోస్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు వస్తే మోటరు దానంతట అదే ఆడుతుంది. వాళ్ళను తప్పు పట్టలేం. తర్వాత 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల కరెంటు అన్నారు, ఆటోస్టార్టర్లు తీసేయమనీ అన్నారు. ఎందుకంటే, కరెంటు పోయి మళ్ళీ వచ్చినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ ఒక్కసారే మొదలవుతాయి. మోటరు మొదలయ్యే క్షణంలో మామూలుగా ఆడేటప్పటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. అన్నీ కలిసి లాగితే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు. అది కాలితే మళ్ళీ వచ్చేదాకా పది మంది చేలు ఎండుతాయి. పైగా మడి నిండినా మోటరు ఆడుతూనే ఉంటుంది, భూమిలో నీళ్ళు ఊరికే పోతాయి.

నువ్వు తెచ్చింది ఇంకో మెట్టు పైది. సిమ్ వేసిన స్టార్టరు. ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోన్ చేస్తే చేలో మోటరు ఆడుతుంది. మీ నాయిన మోకాళ్ళ నొప్పులు చూసి తెచ్చావు, నీ ప్రేమకు మెచ్చుకుంటున్నా. కానీ బిడ్డా, గట్టు తెగి నీళ్ళన్నీ పక్క చేలోకి పోతున్నాయని ఫోను చెప్పదు. బోరు నీళ్ళకు బదులు గాలి కొడుతోందని చెప్పదు. పైపుకు పగులు పట్టిందని చెప్పదు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటరు మూలుగుతూ ఆడుతుందే, దాని నుంచి కాపాడే ఏర్పాటు ఆ డబ్బాలో ఉందో లేదో అడిగావా? లేకపోతే వైండింగ్ కాలి, మోటరు బయటికి లాగి, రిపేరుకు మోసి, మళ్ళీ దింపాలి. ఆ ఖర్చు ముందు నీ డబ్బా ధర ఏపాటిది? అన్నిటికంటే ముందు స్టార్టరు డబ్బాకు ఎర్తు సరిగ్గా ఉందా అని చూడు. అది లేకుండా ఎంత తెలివైన డబ్బా పెట్టినా ప్రమాదమే. ఫ్యూజు పోయిందని ఎవరూ ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి వెయ్యకూడదు, లైన్‌మెన్ వచ్చేదాకా ఆగాలి. ఈ మాట మీ నాయినకు నువ్వు చెప్తే వింటాడు. నేను చెప్తే, నాకు తెలుసులే అంటాడు.

ఇంకొకటి కూడా ఆలోచించు. మీ నాయిన పొద్దున్నే చేను చుట్టొస్తాడే, మోటరు కోసం ఒక్కదానికే పోతాడనుకోకు. ఆకు ముడుచుకుందా, పందులు పడ్డాయా, పక్క చేనతను ఏం మందు కొట్టాడు, ఇవన్నీ ఆ నడకలో కనుక్కుంటాడు. గట్టుమీద నలుగురితో మాట్లాడతాడు. డబ్బా ఉంచు, మోకాళ్ళకు సుఖమే. రోజుకొకసారి మాత్రం చేను చూడమని చెప్పు. రాత్రి ఫోను చేసినప్పుడు, మోటరు ఆడుతోందా అని అడగడంతో ఆపకు. చేను ఎట్లుంది నాయినా అని అడుగు.

నాయనమ్మ ఫోను గురించి మాట్లాడకపోతే నాకు నిద్ర పట్టదు. ఆమెకు వాట్సాప్ నేర్పింది నువ్వే, మంచిదే, మనవరాళ్ళ ఫొటోలు చూసుకుని మురిసిపోతోంది. కానీ పొద్దున లేస్తే నువ్వు పంపేవేంటి? సైన్సు వార్తలట. చింతపండుతో ఫ్లోరైడు జబ్బు మాయం అని ఒకటి వచ్చింది. ఎవరో రాశారు, నువ్వు చదివావో లేదో గానీ పంపావు. నిజం ఎంతో చెప్తాను విను. హైదరాబాద్‌లో తార్నాక దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కొద్దిమంది బడిపిల్లలకు రోజుకు పది గ్రాముల చింతపండు చొప్పున కొన్నాళ్ళు పెట్టి చూశారు. మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోవడం గమనించి 2002లో అచ్చు వేశారు. వాళ్ళు చూసింది అంతే, చెప్పిందీ అంతే. వంగిన ఎముక నిటారు అవుతుందని వాళ్ళు ఎక్కడా అనలేదు. ఫ్లోరైడు నీళ్ళు తాగుతూ పులుసు తింటే చాలనీ అనలేదు. మంచి పరిశోధన అది, మన వంటింటి వస్తువు మీద మన ఊరివాళ్ళ లాంటి పిల్లల కోసం చేసింది. అందులోంచి నాలుగు మాటలు పీకి, రెండు మాటలు కలిపి పంపేసరికి, ఎవరో ఒకామె ఫిల్టరు నీళ్ళు మానేసి చింతపండు రసం పట్టుకుంటుంది.

అసలు శాస్త్రవేత్తలు ఎంత ఆగుతారో చూడు. 2008 అక్టోబరులో మన ఇస్రో చంద్రయాన్‌-1ను పంపింది. అందులో అమెరికా వాళ్ళ పరికరం ఒకటి చంద్రుడి నేలమీద నీటి జాడ పట్టింది. అంతకంటే పెద్ద వార్త ఏముంటుంది? ఆ రాత్రే చాటింపు వేయొచ్చు. వెయ్యలేదు. తమ పరికరం పొరబడిందేమోనని ముందు తమనే అనుమానించుకున్నారు. అంతకు పదేళ్ళ కింద శనిగ్రహానికి పోతూ చంద్రుడి పక్కగా వెళ్ళిన కాసిని నౌక తీసిన పాత కొలతలు తవ్వి చూశారు. డీప్ ఇంపాక్ట్ అనే ఇంకో నౌకతో మళ్ళీ చూశారు. ముగ్గురి సాక్ష్యం కుదిరాక, 2009 సెప్టెంబరులో అప్పుడు చెప్పారు లోకానికి. చంద్రుడి మీద నీళ్ళున్నాయని చెప్పడానికి వాళ్ళు అన్ని నెలలు ఆగారు. సాగర్ కట్టకు పగులు వచ్చిందట అన్న మెసేజి నాయనమ్మకు పంపడానికి నువ్వు అర నిమిషం ఆగలేకపోయావు.

ఆ రోజు ఆమె ఎంత కంగారు పడిందో నీకు తెలియదు. హాలియాలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది, మిర్యాలగూడలో కూతురికి ఫోన్ చేసింది. మందుబిళ్ళ వేసుకోవడం మర్చిపోయింది. ఆమె నాసాను నమ్మదు, ఇస్రోను నమ్మదు, నిన్ను నమ్ముతుంది. మనవడు పంపాడంటే అబద్ధం ఎట్లయితది అంటుంది. అంత నమ్మకం ఉన్నచోట ఒక్కో మాట తూచి పంపాలి. తేదీ ఉందా, చెప్పిందెవరు, రెండో చోట ఎక్కడైనా ఉందా, ఇంతే చూడు. లేకపోతే పంపకు, ఏమీ కాదు. పొద్దున్నే తిన్నావా నాయనమ్మా అని పంపు, దానికి సాక్ష్యాలక్కర్లేదు.

సాగర్ అన్నాను గనక ఆ ప్రయాణం సంగతి కూడా చెప్తాను. గేట్లు ఎత్తారని తెలిస్తే మీ కాళ్ళు నిలవవు. వెళ్ళాల్సిందే, చూడాల్సిందే. ఇరవైయారు గేట్లలోంచి కృష్ణ దూకుతుంటే చూడని బతుకెందుకు? కానీ మీరు చూసేది ఎక్కడ? వీపు డ్యాం వైపు పెట్టి ఫోన్లో మీ మొహం చూసుకుంటారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. నడుమ పన్నెండేళ్ళు వేలమంది రాయి మోసి, రాయి పేర్చి కట్టిన కట్ట అది. ఆ నీళ్ళ కింద ఇక్ష్వాకు రాజుల విజయపురి నగరం ఉంది. లోయ మునగబోతోందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవాళ్ళు ఆ లోయనంతా తవ్వి, శిల్పాలను నాగార్జునకొండ మీదికి చేర్చి, కొన్ని కట్టడాలను అనుపు అనే చోట, కొండమీద మళ్ళీ పేర్చారు. లాంచీలో పోయి నాగార్జునకొండ మ్యూజియంలో ఒక పూట తీరిగ్గా నిలబడు. లాంచీలో లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకో, ఫొటో కోసం విప్పకు.

అమ్మను కూడా తీసుకుపో. సాగర్ పక్కనే కాపురం చేస్తూ నాగార్జునకొండ చూడని తల్లులు మన ఊళ్ళలో ఎంతమందో. పోయేటప్పుడు ఇంత పులిహోర కడుతుంది. ఆమె పక్కనుంటే బండి నిదానంగా నడుపుతావు, అదొక లాభం.

నీళ్ళ దగ్గర మాత్రం నా మాట వినాలి. డ్యాం దిగువన రాళ్ళ మధ్య మడుగులు పొద్దున మోకాలి లోతు కనిపిస్తాయి. కరెంటు తయారీకి నీళ్ళు వదిలితే చూస్తుండగానే నిండుతాయి. ఎడమ కాలువ నిమ్మళంగా పారుతున్నట్టు ఉంటుంది, కానీ ఆ సిమెంటు వాలు పాచి పట్టి ఉంటుంది. దిగినవాడికి పట్టు దొరకదు. ఈత వచ్చినవాడే ధైర్యంగా దిగుతాడు, వాడే కొట్టుకుపోతాడు. హాలియా నుంచి కోదాడ దాకా ఆ కాలువ గట్టున ఏడ్చిన తల్లులున్నారు. ఒడ్డున నిలబడి చూడు. కాళ్ళు తడుపుకోవాలనిపిస్తే మెట్లున్న ఘాట్ దగ్గర, నలుగురున్న చోట తడుపుకో. పైలం బిడ్డా.

ఈసారి వచ్చేటప్పుడు ఏ డబ్బా కొనకు. మూత గట్టిగా పట్టే ఒక లీటరు ప్లాస్టిక్ సీసా తెచ్చుకో, గాజుది వద్దు. ఇంట్లో తాగే నీళ్ళతోనే దాన్ని రెండుసార్లు తొలిచి, నిండా నింపి, ఊరు పేరు, బోరు నీళ్ళా నల్లా నీళ్ళా అన్నది, తేదీ రాసి అంటించు. సోమవారం ఒక పూట సెలవు పెట్టి నల్లగొండలో గ్రామీణ నీటి సరఫరా శాఖ పరీక్షశాలలో ఇచ్చి, ఫ్లోరైడు చూడమని అడుగు. వాళ్ళు ఇచ్చిన కాగితం మీ అమ్మ ముందు పెట్టుకుని, ఏది కొనాలో అప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.